బాపు రిటైర్మెంట్ కార్డు: పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

బాపు రిటైర్మెంట్‌కు నీ చేత్తో కార్డు చేసి ఇస్తానన్నావు, సంతోషం. ఏం గీయాలో తోచక టెన్షన్ పడుతున్నానని కూడా రాశావు. నువ్వు ఫోన్‌లో పంపిన డిజైన్లన్నీ చూశాను. గులాబీలు, బెలూన్లు, బంగారు రంగు అక్షరాలు. అందంగానే ఉన్నాయి. కానీ వాటిలో ఏది చేసినా ఎవరి నాయనకైనా ఇచ్చేయొచ్చు. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ బస్సు నడిపిన మనిషికి అట్లాంటిది ఎందుకు?

ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టు. కార్డు సంగతి కూడా పక్కన పెట్టు. ఓ పాత నోటుబుక్కు తీసుకుని, మీ బాపు చుట్టూ రోజూ కనబడేవన్నీ రాసుకుంటూ పో. ఖాకీ చొక్కా, జేబు మీది బ్యాడ్జి, బస్సు ముందర వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ, మీ అమ్మ కట్టిచ్చే టిఫిన్ డబ్బా, తెల్లారక ముందే మోగే అలారం. ఆయన కుడి చెయ్యి ఎప్పుడైనా గమనించావా? అది కిటికీ వైపు చెయ్యి. ఎండకు మాడి మాడి ఎడమ చేతికన్నా ఓ ఛాయ నల్లగా ఉంటుంది. ఇట్లాంటివి గూగుల్‌లో దొరకవు.

బడిలో డ్రాయింగ్ చెప్పేటప్పుడు నేను పిల్లలతో ఇదే చేయించేదాన్ని. "అమ్మకు కార్డు చేయండి" అంటే క్లాసంతా ఒకే చీర, ఒకే జడ గీసేది. "మీ అమ్మ చేతిలో ఎప్పుడూ ఏముంటుంది?" అని అడిగితే మాత్రం ఒకతి బీడీల చాట గీసింది, ఇంకొకడు తాళంచెవుల గుత్తి గీశాడు. గీత వంకరే. అయినా ఎవరి అమ్మ ఎవరో తెలిసిపోయేది.

నీ లిస్టు పూర్తయ్యాక అన్నీ కార్డులోకి ఎక్కించాలని చూడకు. ఒక్కటి ఎంచుకో. నన్నడిగితే ఆయన నడిపిన తొవ్వనే గీయమంటాను. హన్మకొండ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాకా ఆ రోడ్డు మీద ప్రతి మలుపూ ఆయనకు తెలుసు. రెండేళ్లకోసారి మేడారం జాతర స్పెషల్ బస్సులు పడ్డప్పుడు ఇంటికి ఎట్లా వచ్చేవాడో నువ్వు చిన్నప్పుడు చూసినదానివే. ఒళ్లంతా దుమ్ము, సంచిలో అమ్మవార్ల బంగారం. ఆ బెల్లం ముక్క కోసం మీరందరూ గుమ్మంలో కాచుకుని ఉండేవాళ్లు.

తొవ్వను ఎట్లా గీయాలంటే, దానికి మన దగ్గరే ఒక పద్ధతి ఉంది. చేర్యాల నకాషీ బొమ్మలు. ఇప్పుడు షాపుల్లో అమ్మే మాస్కులు, కీచైన్లు కాదు నేను చెప్పేది, పాతకాలపు పటం. కథ చెప్పేవాళ్లు పొడవాటి గుడ్డ చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో అరలో ఉన్న బొమ్మను చూపిస్తూ పాడేవాళ్లు. అరకూ అరకూ మధ్య పూల అంచు. వెనకంతా ఎర్ర రంగు. అందులో దూరం, దగ్గర అనే లెక్క ఉండదు. కథకు ఎవరు ముఖ్యమో వాళ్లు పెద్దగా ఉంటారు. నాకు షేడింగ్ రాదని భయపడే నీలాంటి వాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. బస్సు పక్క నుంచి కనబడాలి, మీ బాపు ముఖం మాత్రం కిటికీ అంత పెద్దగా ఉండాలి. తప్పేం లేదు, ఆ పద్ధతే అంత.

కాబట్టి మామూలుగా మధ్యకు మడిచే కార్డు వద్దు. కిందికి విప్పుకుంటూ పోయే కార్డు చెయ్యి. చార్టు సాధారణంగా 22కి 28 అంగుళాలు ఉంటుంది. 28 అంగుళాల పొడవున 5 అంగుళాల వెడల్పు పట్టీ కోసుకుని, 7 అంగుళాలకో మడత పెడితే నాలుగు అరలు వస్తాయి. మొదటి అరలో చీకట్లో డిపో, తర్వాత ములుగు దాటాక వచ్చే అడవి, మూడోదాంట్లో జాతర. నాలుగోది ఇల్లు. లక్నవరం చెరువు, రామప్ప గుడి అన్నీ ఇరికించకు, టూరిజం వాళ్ల పాంప్లెట్ అవుతుంది.

రామప్ప అంటే గుర్తొచ్చింది. పాలంపేటకు నువ్వెన్నిసార్లు పోయినా సెల్ఫీలు దిగి వచ్చావు. ఈసారి పోతే రంగుల కోసం చూడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో వాళ్ల జాబితాలోకి ఎక్కింది. అక్కడ గోడలు ఎర్రటి ఇసుకరాయి. పైకప్పు కింద ఏటవాలుగా నిలబెట్టిన ఆడవాళ్ల బొమ్మలు, మదనికలు, నున్నటి నల్లరాయి. ఎరుపు మీద నలుపు పడితే ఆ ఆడవాళ్ల నడుము వంపు ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. నీ కార్డులోనూ ఎరుపు, నలుపు ఉంచి, ఖాకీ ఒక్కటి కలుపు. మూడు రంగులు చాలు. పన్నెండు రంగుల డబ్బా కొన్నామని పన్నెండూ వాడాలని లేదు.

వరంగల్ కోటలోని కళాతోరణం, ఆ రాతి ద్వారం గీయాలని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. వద్దు. రాష్ట్ర రాజముద్ర నుంచి పెళ్లి కార్డు దాకా అన్నిట్లో అదే, చూసి చూసి కళ్లు అలవాటు పడ్డాయి. దాని బదులు తోరణాల మధ్య నేల మీద పడి ఉన్న విరిగిన రాళ్ల దగ్గర కూర్చో. హంసల వరుస, తామర మొగ్గ, తీగ మెలిక, ఏదో ఒకటి దొరుకుతుంది. అరల మధ్య అంచుకు ఒక్క మొగ్గ చాలు, అదే మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోవచ్చు. చూసి పెన్సిల్‌తో గీసుకో. రాయి మీద కాగితం పెట్టి మాత్రం రుద్దకు. వందల ఏళ్ల నుంచి ఎండావానలకు ఆగిన చెక్కడం అది, మన పెన్సిల్‌కు అరగొద్దు.

కోటకు పోయే ఓపిక లేదంటావా, మీ ఇంట్లో మంచం మీద కొత్తవాడ జంపఖానా ఉంది కదా, దాని అంచు చూడు. మగ్గం మీద వంపులు మెట్లు మెట్లుగా వస్తాయి. లెక్కల గళ్ల నోటుబుక్కులో ఒక్కో గడి నింపుతూ పోతే అదే డిజైన్ వస్తుంది.

ఇక పని సంగతి. చార్టు మరీ పల్చగా ఉంటే మడతలు నిలబడవు, హన్మకొండ చౌరస్తాలో అడిగి మందం షీటు తెచ్చుకో. కోసే ముందు షీటును అటూ ఇటూ మెల్లగా వంచి చూడు. ఒక వైపు సులువుగా వంగుతుంది, మడత ఆ వైపే రావాలి. లేకపోతే మడత దగ్గర కాగితం పగిలి, ఎర్ర రంగు లేచిపోయి తెల్లగా కనబడుతుంది. మడవబోయే చోట స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా ఒక గీత గీసి అప్పుడు మడువు. బస్సు టికెట్ అతికించాలనుకుంటే మిషన్ టికెట్ పెట్టకు. కొన్నాళ్లకు దాని మీది అచ్చు తెల్లబడిపోతుంది. జిరాక్స్ తీసి అతికించు. బతుకమ్మకు తెచ్చిన గునుగు పువ్వు మిగిలి ఉంటే రెండు కంకులు ఎండబెట్టి కార్డు కట్టే దారానికి చుట్టు. గునుగు ఎండినా రంగు పోదు.

మాటల దగ్గర చాలామంది పాడు చేస్తారు. బొమ్మంతా సొంతంగా వేసి, లోపల ఎక్కడి నుంచో తెచ్చిన కవిత్వం రాస్తారు. "మీ విశ్రాంత జీవితం సుఖసంతోషాలతో సాగాలని" అని డిపో మేనేజర్ ఎట్లాగూ చదువుతాడు, నువ్వెందుకు? ఇంట్లో ఎట్లా మాట్లాడతావో అట్లాగే రాయి. "బాపూ, ఇగ అలారం పెట్టకు, నేనే లేపుతా" అని రాస్తే చాలు. అదీ నాలుగో అరలో, ఇంటి బొమ్మ కింద చిన్నగా. మిగతా మూడు అరల్లో ఒక్క అక్షరం వద్దు, బస్సు మీద ఊరి పేరు బోర్డు తప్ప.

రంగులు వేయక ముందు పెన్సిల్ గీతల ఫోటో నాకు పంపు. మీ అమ్మకు మాత్రం చూపించకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికల్లా డిపో అంతా తెలిసిపోతుంది.

మీ పెద్దమ్మ,
హన్మకొండ