స్త్రీ వేషం గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు, అది ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. కానీ మొదటి వాక్యమే నిన్ను ఇరుకున పెట్టేసింది. "మగవాళ్లు ఆడవేషం కట్టడం స్త్రీని గౌరవించడమా, అవమానించడమా?" అని ఎత్తుకున్నావు. ఇలా అడిగితే చదివేవాళ్లు తమకు ముందే ఉన్న అభిప్రాయంతో ఏదో ఒక పక్కకు వెళ్లి కూర్చుంటారు. ఆ తర్వాత నువ్వేం రాసినా వాళ్లకు ఎక్కదు. పైగా మూడు వేరువేరు విద్యల్ని ఒకే మూట కట్టేశావు: కూచిపూడి భాగవతుల స్త్రీ వేషం, టీవీ స్కిట్లలో లేడీ గెటప్, క్లబ్బుల్లో అతిశయంగా ఆడవేషం కట్టి ఆడే డ్రాగ్. మూడింట్లోనూ మగవాడు చీరో గౌనో కడతాడు, నిజమే. అంతకు మించి వాటి మధ్య చుట్టరికం తక్కువ.

విడదీయడానికి ఒక ప్రశ్న సరిపోతుంది: వేషం వెనకున్న మగవాడు ప్రేక్షకుడికి కనబడాలా, వద్దా? కూచిపూడిలో కనబడకూడదు. కనబడితే వేషం పోయినట్టే. లేడీ గెటప్‌లో కనబడితేనే నవ్వు పుడుతుంది. గొంతు మోటుగా ఉండాలి, చీర కాళ్లకు అడ్డం పడాలి, పక్కవాడు ఆ ఒంటి మీద ఒక మాట విసరాలి. డ్రాగ్‌లో మగవాడూ వేషమూ రెండూ ఒకేసారి కనబడాలి. గ్లూ స్టిక్‌తో అసలు కనుబొమలను చర్మానికి అంటించి, పౌడర్‌తో కప్పేసి, వాటికి బాగా పైన కొత్త కనుబొమలు గీస్తారు. తుంటికి స్పాంజి మెత్తలు కడతారు. ఇదంతా అతిశయమని చూసేవాళ్లకు తెలియాలనే చేస్తారు. ఒకదాని మీద వచ్చిన విమర్శను తెచ్చి ఇంకొకదానికి తగిలించడమే నీ వ్యాసంలో జరిగిన పెద్ద పొరపాటు. టీవీ స్కిట్‌లో భార్య ఒళ్లు మీద వేసిన జోకుకు కోపం తెచ్చుకుని, తర్వాతి పేరాలో ఆ కోపం భామాకలాపం మీద, అంటే కూచిపూడివాళ్లు ఆడే సత్యభామ కథ మీద చూపించావు. నీ కోపం న్యాయమైనదే, చేరిన చిరునామా మాత్రం తప్పు.

భామాకలాపానికి నువ్విచ్చింది రెండు వాక్యాలు. నాలుగు వందల మాటలైనా ఇవ్వు. తెరతో మొదలుపెట్టు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని నిలబడతారు. వెనక సత్యభామ ఉంటుంది, ముఖం కనబడదు. ముందు కనబడేది జడ, తెర మీంచి ఇవతలికి పడుతుంది. ఈ విద్యలో నన్ను గెలిచేవాళ్లుంటే రండి, ఓడిపోతే జడ కోసి ఇచ్చేస్తానని దాని అర్థం. ఈ సవాలు ఎవరిదో ఆలోచించు. సవతుల మీద గర్వం సత్యభామది. సభలో కూర్చున్న పండితుల ముందు ధీమా, వేషం కట్టిన భాగవతుడిది. ఒకే జడతో ఇద్దరూ మాట్లాడుతున్నారు. నీ వ్యాసానికి కావలసిన అభిప్రాయభేదమంతా ఆ జడలోనే ఉంది, దాన్ని బయటినుంచి తేనక్కర్లేదు.

అదే ఆటలో ఇంకొకటి చాలామంది గమనించకుండా వదిలేస్తారు. సూత్రధారుడు మగ దుస్తుల్లోనే ఉంటాడు. సత్యభామ దగ్గరున్నంతసేపూ అతను ఆమె చెలి మాధవి. కృష్ణుడి దగ్గరికి వెళ్తే మాధవుడు. బట్ట మారదు, బొట్టు మారదు, పిలుపు మారుతుంది. ఒకే రంగం మీద ఒకరు ఆడమనిషి కావడానికి గంటలకొద్దీ ముస్తాబవుతుంటే, ఇంకొకరు ఒక్క పిలుపుతో ఆడమనిషి అయిపోతున్నారు. స్త్రీ వేషం అంటే స్త్రీని అచ్చు గుద్దినట్టు చూపించడమే అని వాదించేవాళ్లకు ఈ మాధవి పెద్ద చిక్కు. ఆమె గురించి ఒక పేరా రాయి.

వయ్యారం, హొయలు, లాలిత్యం. ఈ మూడు మాటలూ నీ వ్యాసమంతా పరిచావు. అన్నీ కొట్టెయ్. అవి నీకు కలిగిన అనుభూతికి పెట్టుకున్న పేర్లు, చదివేవాడికి వాటిలో బొమ్మ కట్టదు. రికార్డింగ్ దొరికితే ఒక్క దరువును, అంటే పాత్ర ఆడే ఒక పాటను, మూడుసార్లు చూడు. మొదటిసారి పాదాలే చూడు: అడుగుకూ అడుగుకూ మధ్య ఎంత దూరముంది, ముందు మడమ ఆనుతోందా, మునివేళ్లా? రెండోసారి మోచేతులు: నడుముకు ఎంత దగ్గరగా ఉన్నాయి, వెడల్పాటి భుజాలను ఏ మలుపులో దాస్తున్నారు? మూడోసారి ధ్వని ఆపేసి మెడా కళ్లూ చూడు. ఇలా చూసి రాసుకున్న పది వాక్యాలు వందమంది అభిప్రాయాలకంటే బరువుంటాయి. ఎందుకంటే "అచ్చం ఆడదానిలాగే ఉంది" అన్న మెప్పుకు అసలు ఆధారం ఏమిటో అక్కడే బయటపడుతుంది. చిన్న అడుగు, వంచిన తల, ఒంటికి దగ్గరగా పెట్టుకున్న చేయి. మన ఊళ్లలో నాట్లు వేసే ఆడవాళ్లు, గంపలెత్తే ఆడవాళ్లు అలా నడవరు. మెప్పు పొందిన ఆ స్త్రీ ఎవరు, ఏ ఇంటి మనిషి, ఆమెను ఎవరు ఊహించారు అనే ప్రశ్న నువ్వు మోసుకొచ్చి పెట్టక్కర్లేకుండానే వచ్చేస్తుంది.

స్త్రీవాదుల అభ్యంతరాన్ని కూడా ఇలాగే ఘట్టానికి కట్టి రాయి. సత్యభామ భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడుతుంది. విరహంతో కుంగి లేఖ రాస్తుంది. ఆ లేఖ తీసుకెళ్లడానికి మాధవి ముక్కెర అడిగితే బేరమాడి చివరికి ఇస్తుంది. ఆమె గర్వం అణగాల్సిందేనని కథ ముందే తీర్మానించుకుంది. మగవాడు రాసి, మగవాడు నేర్పి, మగవాడు ఆడిన స్త్రీ ఇలాగే ఉంటుందని విమర్శ. రెండో పక్క వాదనా అంతే గట్టిది. తన అందం సంగతిలో కృష్ణుడితోనే పంతానికి దిగిన మనిషి ఆమె. మేళంలో అందరికంటే కష్టమైన వేషం, అందరికంటే ఎక్కువసేపు మాట్లాడే నోరు ఆమెవే. ఈ రెండు వాదనల్లో ఏది నీదో చెప్పు, దాచుకోకు. ఏ ఘట్టం చూసి ఆ మాట అంటున్నావో కూడా చెప్పు. నా మట్టుకు నాకు మొదటి వాదనే బరువుగా తోస్తుంది. అయినా రెండోదాన్ని దాని మనుషులు చెప్పినంత బలంగా చెప్పలేకపోతే మొదటిదాన్ని రాసే అర్హత మనకు లేదు.

ఇప్పుడు నీ వ్యాసంలో అసలు లేని మనుషుల దగ్గరికి వద్దాం. కూచిపూడి మేళాల్లో తరాల తరబడి ఆడింది కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లే. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని భామాకలాపం రాసిన సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆడపిల్లలకు అలాంటి మాటేదీ లేదు, గజ్జె కట్టే హక్కే లేదు. అదే కాలంలో గోదావరి సీమలో కళావంతుల ఆడవాళ్లు, అంటే ఆటపాటలే వృత్తిగా బతికిన దేవదాసీలు, భామాకలాపం ఆడేవారు. అదే సత్యభామ. ఒక ఒంటి మీద ఆమె శాస్త్రమైంది, ఇంకొక ఒంటి మీద భోగం మేళమైంది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. ఆ వ్యవస్థలో దోపిడీ ఉంది, దాన్ని ఆపాల్సిందే. కానీ దానితోపాటు ఆ ఆడవాళ్ల విద్యకు గౌరవంగా నిలబడే చోటు కూడా పోయింది. ఈ పేరా లేకుండా స్త్రీ వేషం మీద ఎవరు ఏ తీర్పు రాసినా అది సగం తీర్పే.

ఇక్కడినుంచి కథ తిన్నగా సాగదు, సాగినట్టు రాయకు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టాక సత్యభామ వేషం ఆడపిల్లల చేతికి బాగా వచ్చింది. మరోపక్క వేదాంతం సత్యనారాయణ శర్మ గారు స్త్రీ వేషాలతోనే దేశమంతా పేరు తెచ్చుకుని 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఆడపిల్లలు ఆ సత్యభామను నేర్చుకున్నది మగ గురువుల ఒంటి మీంచే. కాబట్టి "ఇప్పుడు ఆడవాళ్లే ఆడుతున్నారు, సమస్య తీరిపోయింది" అనే వాక్యం తీసెయ్.

నాటకరంగంలో స్థానం నరసింహారావు గారిని (1902–1971) వదలకు. శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామగా తాను పాడుకోవడానికి ఆయనే రాసుకున్న పాట "మీరజాలగలడా". 1966లో అది సినిమాకెక్కింది. తెర మీద జమున, గొంతు సుశీల. ఒక మగవాడు ఆడవేషంలో పాడుకోవడానికి కట్టిన పంక్తిని ఈరోజు తెలుగువాళ్లు ఆడదాని అహంకారానికి గుర్తుగా పాడుకుంటున్నారు. దీన్ని స్త్రీ మీద మగవాడి ఊహ గెలవడం అనొచ్చు, ఆ ఊహను ఆడవాళ్లు తీసుకుని సొంతం చేసుకోవడం అనీ అనొచ్చు. రెండూ చెప్పి, నీకేది తోస్తే అది రాయి.

ఎదురు ఉదాహరణలూ కావాలి. సురభివాళ్లు 1885లో కడప జిల్లాలో మొదలైనవాళ్లు. కుటుంబమంతా నాటకంలో ఉండడంతో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు. తెలంగాణ జానపద ఆట చిందు యక్షగానంలో చిందుల ఎల్లమ్మ మగ పాత్రలు కట్టి మెప్పించింది. ఆమెను చూసి పురుషజాతికి అవమానం జరిగిందని ఎవరూ గొడవ చేయలేదు. ఎందుకు చేయలేదన్న ప్రశ్న నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

డ్రాగ్ గురించి రాసేటప్పుడు అది పుట్టిన చోటే ఉంచు. అమెరికాలో తనను తాను డ్రాగ్ రాణిగా చెప్పుకున్న తొలి మనిషిగా తెలిసినవాడు విలియం డోర్సీ స్వాన్. బానిసత్వంలో పుట్టాడు. 1880లలో వాషింగ్టన్‌లో రహస్యంగా నాట్యవిందులు జరిపాడు, 1888లో పోలీసులు దాడి చేసి పట్టుకున్నారు. డ్రాగ్ ఆడవాళ్లను వెక్కిరిస్తుందని అమెరికా స్త్రీవాద తత్వవేత్త మెరిలిన్ ఫ్రై 1983లో రాసింది. ఆడతనమూ మగతనమూ రెండూ అనుకరణలేనని డ్రాగ్ బయటపెడుతుందని ఇంకో తత్వవేత్త జూడిత్ బట్లర్ 1990లో వాదించారు. ఈ వాదాలను యథాతథంగా కూచిపూడికి తెస్తే పొసగవు. డ్రాగ్‌ను తయారుచేసినవాళ్లు వేషం కట్టినందుకు జైలుకు వెళ్లినవాళ్లు. మన దగ్గర స్త్రీ వేషం కట్టినవాళ్లు దానికి సన్మానాలు అందుకున్నవాళ్లు. ఎగతాళి అనే ఆరోపణ ఇద్దరి మీదా ఒకే బరువుతో పడదు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ డ్రాగ్ ఆడుతున్నారు. వాళ్ల గురించి రాస్తే వాళ్లతో మాట్లాడి రాయి, వీడియో చూసి కాదు.

ఇక భాష సంగతి. నీ వ్యాసం ఎక్కువగా తడబడింది ఇక్కడే. మన క్రియకు ఏకవచనంలో ఆడమనిషికీ ఆవుకూ ఒకే రూపం: వచ్చింది. బహువచనంలో ఆడవాళ్లు వెళ్లి మగవాళ్లతో కలుస్తారు: వచ్చారు. ఇంగ్లీషువాళ్లకు సర్వనామం దగ్గర మాత్రమే వచ్చే ఇబ్బంది మనకు ప్రతి వాక్యం చివరా వస్తుంది. నువ్వు రాసిన వాక్యం చూడు: "నటుడు తెర వెనకనుంచి వచ్చి సిగ్గుతో తల వంచుకుంది." సిగ్గు పాత్రది, తెర వెనకనుంచి రావడం నటుడి పని. రెండూ ఒకే కర్తకు తగిలించావు. ఇలా విడగొట్టు: "తెర తొలగింది. సత్యభామ తల వంచుకుంది. ఆ వంపును అలాగే నిలపడానికి నటుడు ఎడమ భుజం కాస్త దించారు." పాత్ర చేసేదానికి ఆమె, నటుడు చేసేదానికి ఆయన. ఒక వాక్యంలో ఒకరే. డ్రాగ్ కళాకారుల విషయంలో మాత్రం అడిగి తెలుసుకో. వేషంలో ఉన్నంతసేపూ "ఆమె" అనమనేవాళ్లున్నారు, ఎప్పుడూ "వాళ్లు" అనమనేవాళ్లున్నారు. "ఆడంగి" లాంటి మాట ఎవరో అన్నదిగా కొటేషన్లో వస్తే ఉంచు, నీ మాటగా రానివ్వకు. స్త్రీ వేషం కట్టే మనిషినీ ట్రాన్స్‌జెండర్ మనిషినీ ఒకటి చేయకు. ఒకటి రంగస్థలం మీద పని, ఇంకొకటి బతుకు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, కానీ ఆ సంగతి ఆ మనిషి చెప్పాలి, నువ్వు ఊహించకూడదు.

అభిప్రాయాలు సేకరించేటప్పుడు "కొందరు అంటున్నారు" అని ఎక్కడా రాయకు. ఒక అభిప్రాయం, దాని వెనక ఒక మనిషి, ఆ మనిషి చూసిన ఒక ఘట్టం. ఎవరైనా "అది స్త్రీలకు అవమానం" అంటే "ఏ సీను చూసినప్పుడు అలా అనిపించింది?" అని అడుగు. "అద్భుతం" అన్నవాళ్లనూ అదే అడుగు. జవాబు చెప్పలేనివాళ్లను వదిలేయి, ఎంత పేరున్నవాళ్లైనా సరే. ఐదుగురు చాలు, వాళ్లలో ముగ్గురు ఆడవాళ్లై ఉండాలి, అందులో ఒకరైనా స్వయంగా సత్యభామ ఆడినవాళ్లై ఉండాలి. కళాకారుణ్ని "ఆడవాళ్లలా ఉండడం ఎలా అనిపిస్తుంది?" అని అడగకు. వేలసార్లు విన్న ప్రశ్నకు వేలసార్లు చెప్పిన జవాబే వస్తుంది. ముస్తాబుకు ఎంతసేపు పడుతుంది, ఏ నగ ఎక్కువ బరువు, ఏ దరువులో ఊపిరి అందదు అని అడుగు. పని గురించి అడిగితే మనిషి తెరుచుకుంటాడు, పెద్ద మాటలు వాటంతటవే వస్తాయి.

ప్రదర్శనలో నవ్వులు వినిపిస్తే ఎప్పుడు నవ్వారో, ఎవరు నవ్వారో పుస్తకంలో రాసుకో. ఆడవాళ్ల వరుసలు నవ్విన చోటూ మగవాళ్ల వరుసలు నవ్విన చోటూ ఒకటేనా చూడు. ఫోటో వేస్తే కింద నటుడి పేరూ పాత్ర పేరూ రెండూ ఉండాలి. వేషం కట్టకముందు, కట్టాక అని పక్కపక్కన పెట్టే జంట ఫోటోలు వద్దు. అవి చూసిన మనిషి ఇక నీ వ్యాసం చదవడు, రెండు ముఖాలూ పోల్చుకుంటూ కూర్చుంటాడు.

ముందు తెర దగ్గరి ఘట్టం ఒక్కటే రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో