తలుపు దగ్గర కెమెరా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సిటీ ఏసీ బస్సు దిగుతుండగా తలుపు మా అమ్మగారి భుజానికి తగిలి, వెంటనే మళ్ళీ తెరుచుకుంది. దెబ్బ తగలలేదు గానీ ఆవిడ బాగా బెదిరిపోయారు. మనిషికి తగలకముందే కనిపెట్టే కెమెరాలు వచ్చాయని విన్నాను. ఇప్పుడున్న ఏర్పాటుకూ వాటికీ తేడా ఏమిటి?
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మీ అమ్మగారి విషయంలో తలుపు తాను చేయవలసిన పనే చేసింది. బస్సు తలుపులు గాలి ఒత్తిడితో గానీ విద్యుత్ మోటారుతో గానీ నడుస్తాయి. చాలా తలుపుల అంచున ఉండే రబ్బరు పట్టీ లోపల బోలుగా ఉంటుంది; దానికి ఏదైనా ఒత్తుకుంటే లోపలి గాలిలో కలిగే ఒత్తిడిని ఒక స్విచ్చి పసిగట్టి తలుపును వెనక్కి మళ్ళిస్తుంది. మోటారు తలుపుల్లోనైతే, అడ్డు తగిలినప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగడమే సంకేతం. బస్సుల నిర్మాణానికి సంబంధించిన ఐక్యరాజ్య సమితి 107వ నిబంధన ప్రకారం, మూసుకుంటున్న తలుపు నొక్కుడు 150 న్యూటన్లు దాటితే, అంటే సుమారు 15 కిలోల బరువు మోపినంత అయితే, అది తనంతట తాను తెరుచుకోవాలి. కుర్రవాళ్ళు లెక్కచేయని ఆ నొక్కుడు, మెట్టు దిగుతూ ఒంటికాలి మీద ఉన్న పెద్దవారిని తూలిపడేట్టు చేయడానికి చాలు. తగిలాక గానీ తెలియకపోవడమే ఈ పద్ధతికి ఉన్న హద్దు.

లిఫ్టు తలుపుల్లో ఉండే కాంతి తెరను, అంటే అడ్డు వస్తే తెగే కాంతి కిరణాల వరుసను, ఇక్కడా పెడితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. లిఫ్టు తలుపు ఒకే గీత వెంట జరుగుతుంది కనుక ఆ గీతను కాపలా కాస్తే చాలు. లోపలికి తిరిగే బస్సు తలుపు మెట్టు మీది జాగానంతా ఊడ్చుకుంటూ వస్తుంది కాబట్టి ఆ జాగా మొత్తాన్నీ చూడవలసి ఉంటుంది. తలుపు పైన అమర్చి కిందికి చూసే కెమెరా చేసేది ఆ పనే. అయితే మామూలు ఫొటో దీనికి చాలదు. నేల మీద పడింది నీడా, నిలబడింది పిల్లవాడా అన్నది తేలాలంటే దూరం తెలియాలి. రెండు కటకాల కెమెరా, ఒకే వస్తువు రెండు చిత్రాల్లో ఎంత పక్కకు జరిగి కనిపించిందో చూసి దూరం కడుతుంది. మరో రకం కెమెరా పరారుణ కాంతిని వదిలి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. కాంతి నానో సెకనులో, అంటే సెకనులో వందకోట్లవ వంతులో, దాదాపు 30 సెంటీమీటర్లు పోతుంది కనుక, ఒకటిన్నర మీటర్ల దూరాన ఉన్న మనిషిని తాకి తిరిగి రావడానికి దానికి పట్టేది 10 నానో సెకన్లు. ఎండ నేరుగా పడినా, నల్లని బట్టలు కాంతిని మింగేసినా ఈ కొలత తడబడుతుంది. కటకం మీద బురద పడితే రెండు రకాలూ గుడ్డివే.

వేగం సంగతి కూడా చూడాలి. తలుపు అంచు సెకనుకు అర మీటరు చొప్పున కదులుతోందనీ, కెమెరా సెకనుకు 30 చిత్రాలు తీస్తోందనీ అనుకుందాం. పొరపాటు పడకుండా మూడు చిత్రాలు చూసి నిర్ణయించేలోగా తలుపు 5 సెంటీమీటర్లు ముందుకు వచ్చేస్తుంది. అది ఆగడానికి పట్టే దూరం వేరు. అందువల్ల కెమెరా పెట్టినా రబ్బరు పట్టీని తీసేయకూడదు. బురద వల్లో ఎండ వల్లో కెమెరా చూడలేకపోయినప్పుడు ఆ స్థితిని ‘దారి ఖాళీ’ అని కాక ‘అడ్డు ఉంది’ అని లెక్కవేసేలా దాన్ని తయారుచేశారా లేదా అన్నది, అది ఎంత స్పష్టంగా చూడగలదన్న దానికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సాయంత్రం రద్దీలో ఫుట్‌బోర్డు దాకా జనం నిలబడితే అలాంటి తలుపు మూసుకోనే మూసుకోదు. విసిగిన డ్రైవరు కెమెరాను పక్కనపెట్టే మీట ఎక్కడుందో వెతుక్కుంటాడు. ఆ తప్పు డ్రైవరుది అనలేం.

ప్రశ్న: మెట్రో రైలు తలుపులకు సెన్సర్లు ఉన్నా చీర కొంగులు ఎందుకు చిక్కుకుంటున్నాయి? కెమెరా ఉంటే ఆ ప్రమాదం తప్పుతుందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 2023 డిసెంబరు 14న ఢిల్లీ మెట్రో ఇంద్రలోక్ స్టేషన్‌లో ఒక మహిళ బట్టలు తలుపుల మధ్య చిక్కుకోగా రైలు ఆమెను ఈడ్చుకుపోయింది, ఆమె రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో మరణించారు. తలుపు రెక్కల మధ్య చెయ్యో సంచో ఉంటే అవి పూర్తిగా కలవవు కనుక రైలు కదలదు. కొంగు, చున్నీ, బ్యాగు పట్టీ వంటివి పలచన. వాటి మీదుగా రబ్బరు అంచులు కలిసిపోతాయి, తాళం పడుతుంది, ‘తలుపులు మూసుకున్నాయి’ అన్న సంకేతం డ్రైవరుకు అందుతుంది. ఆ సంకేతం అబద్ధం కాదు. తలుపులు నిజంగానే మూసుకున్నాయి.

తలుపు పైనుంచి దూరం కొలిచే కెమెరాకు కూడా మిల్లీమీటరు మందం బట్ట తెలియకపోవచ్చు. రైలు పక్కను బయటినుంచి చూస్తూ, తలుపులు మూసుకున్నాక కూడా రైలు ప్లాట్‌ఫారం దాటేవరకూ కన్నార్పని కెమెరా అయితే ఉపయోగం ఉంటుంది. అది బట్టను గుర్తించలేకపోయినా, రైలును అంటిపెట్టుకుని కదులుతున్న మనిషిని గుర్తించగలదు. చిక్కిన బట్టను బయటినుంచి లాగినప్పుడు అంచు మీద పడే బలాన్ని కనిపెట్టే ఏర్పాటు ఇంకొకటి ఉంది. కొంగు విషయంలో నేను మొదట కోరేది దాన్నే.

ప్రశ్న: మా స్కూలు వ్యానుకు తలుపు దగ్గర మామూలు కెమెరా, డ్రైవరు ముందు తెర పెట్టించాలనుకుంటున్నాం. చాలా?
— ఒక ప్రధానోపాధ్యాయురాలు, ఖమ్మం

జవాబు: పెట్టించండి, మంచిదే. కానీ అది డ్రైవరుకు చూపిస్తుంది తప్ప తలుపును ఆపదు. తెర వైపు చూడవలసిన క్షణంలోనే డ్రైవరు అద్దంలోకీ, రోడ్డు మీదికీ చూడవలసి ఉంటుంది. కాబట్టి పిల్లలను దించే సహాయకురాలిని మాన్పించకండి. తలుపు మీట ఆమె సైగ చేశాకే నొక్కాలని, ఆమె మళ్ళీ వ్యాను ఎక్కాకే బండి కదలాలని డ్రైవరుకు రాతపూర్వకంగా ఇవ్వండి.