రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళకి కంటి వాపు, థైరాయిడ్ కూడా వస్తాయా?

మీ అమ్మగారికి చాలా ఏళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఆర్‌ఏ, కీళ్ళ వాపు జబ్బు) ఉందని, ఈమధ్య ఒక కన్ను పదే పదే ఎర్రబడుతోందని, రక్త పరీక్షలో థైరాయిడ్ కూడా బయటపడిందని రాశారు. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉందా, లేక వయసుతో వచ్చినవేనా అని అడిగారు. సంబంధం ఉంది. నాకూ ఈ మూడూ ఉన్నాయి: ముందు కీళ్ళు, తర్వాత కన్ను, ఆ తర్వాత థైరాయిడ్. అవి మొదలయ్యేనాటికి నాది వయసు మీద నెట్టేసే వయసేమీ కాదు.

కంటి సంగతి ముందు చెప్తాను. థైరాయిడ్ మందు మొదలుపెట్టడం కొన్నాళ్ళు ఆలస్యమైనా సాధారణంగా సర్దుకోవచ్చు కానీ, కంటి విషయంలో ఆ వెసులుబాటు లేదు.

నాకు ఒక సాయంత్రం ఎడమ కన్ను ఎర్రబడింది. పుసి లేదు, కాస్త నీరు కారుతోంది. దగ్గర్లో ఉన్న కంటి డాక్టరు టార్చి వేసి చూసి, కళ్ళకలక అని చెప్పి యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. నాకు ఇంకేమైనా జబ్బుందా, ఏం మందులు వాడుతున్నాను అన్న ప్రశ్నే రాలేదు. చుక్కలు వేసుకుంటూనే ఉన్నా ఎరుపు తగ్గలేదు, నొప్పి మాత్రం పెరుగుతూ వచ్చింది. ఆ నొప్పి ఎలా ఉంటుందో కాస్త వివరంగా రాస్తాను, మీ అమ్మగారిని అడిగి చూడండి. నలక పడినట్టు గరగరలాడే బాధ కాదది. కనుగుడ్డు లోపల బరమా పెట్టి తొలుస్తున్నట్టు ఉంటుంది. అక్కడితో ఆగదు, కణతకి, నుదుటికి, దవడకి పాకుతుంది. పగలు ఏదో పనిలో పడి ఓర్చుకోగలిగాను కానీ, తెల్లవారుజామున నిద్రలోంచి లేపి కూర్చోబెట్టేసేది. రెప్ప మూసి పైనుంచి వేలు ఆనిస్తే చాలు, ప్రాణం జివ్వుమనేది. ఇంట్లోవాళ్ళు పంటి నొప్పేమో, సైనసేమో అన్నారు.

మా రుమటాలజిస్టుకి (కీళ్ళ డాక్టరుకి) ఫోన్ చేస్తే ఆవిడ తన దగ్గరకి రావద్దని, ముందు కంటి లోపలి వాపులు చూసే స్పెషలిస్టు దగ్గరకి వెళ్ళమన్నారు. ఆ స్పెషలిస్టు నా కన్ను కంటే ముందు బల్ల మీద పెట్టిన నా చేతుల్ని చూశారు. వేళ్ళ మొదళ్ళలో వాపు చూసి, "పొద్దున్న లేవగానే చేతులు బిగుసుకుపోతాయా అమ్మా?" అని అడిగారు. ఆర్‌ఏ ఉందని చెప్పగానే లేవమని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళారు. ఆ గదిలో అంత పెద్ద యంత్రం ఉండగా కిటికీ ఎందుకా అనుకున్నాను. పై రెప్ప ఎత్తి పట్టుకుని, కిందకి చూడమని, పగటి వెలుతురులో తెల్లగుడ్డుని చాలాసేపు చూశారు. తర్వాత జూనియర్ డాక్టర్ని పిలిచి, "ఇది ఎరుపు కాదు, ఊదా. చూడు" అన్నారు. లోపలి పొరలో వాపు ఉంటే ఆ నీలం కలిసిన ఎరుపు ట్యూబ్‌లైట్ కింద, యంత్రం వెలుగులో సరిగ్గా కనపడదట, పగటి వెలుతురులోనే తేలుతుందట.

ఆ తర్వాత ఫినైలెఫ్రిన్ అనే చుక్క వేసి కాసేపు కూర్చోబెట్టారు. ఆ చుక్క పై పొరలోని రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. ఎరుపు తేలిపోతే అది ఎపిస్క్లెరైటిస్, అంటే పైపై వాపు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది, చూపుకి ప్రమాదం తక్కువ. ఎరుపు అలాగే ఉండిపోతే వాపు లోతుగా ఉందని, అది స్క్లెరైటిస్ అని అర్థం. నాకు అలాగే ఉండిపోయింది. స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రం దగ్గర కూర్చోబెట్టి నల్లగుడ్డు అంచు చుట్టూ కూడా చూశారు, అక్కడ పుండు పడలేదని చెప్పి ఊపిరి పీల్చుకున్నారు. ఆర్‌ఏలో ఆ అంచు కరిగిపోయి కన్నే పోయే పరిస్థితి వస్తుందని ఆయన అప్పుడు చెప్పారు.

స్క్లెరైటిస్‌కి చుక్కలు చాలవు. ముందు నొప్పి, వాపు తగ్గించే మాత్రలు ఇచ్చారు, అవి సరిపోకపోతే ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మొదలుపెట్టారు. కంటి డాక్టరు, రుమటాలజిస్టు ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడుకుని నా ఆర్‌ఏ మందు మెథోట్రెక్సేట్ మోతాదు పెంచారు. కన్ను నెమ్మదిగా తెల్లబడింది. కంటికి వచ్చిన జబ్బు కీళ్ళ మందు పెంచితే తగ్గడం చూశాక, ఆర్‌ఏని కీళ్ళ జబ్బు అనడమే నాకు నచ్చడం మానేసింది. అది రోగనిరోధక వ్యవస్థ దారి తప్పిన జబ్బు, కీళ్ళు దానికి బాగా కనిపించే చోటు మాత్రమే. స్క్లెరైటిస్ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి ఒంట్లో మరో జబ్బు ఉంటుంది, ఆ జబ్బుల్లో మొదటి స్థానం ఆర్‌ఏదే. అలాంటప్పుడు ఎర్ర కన్నుతో వచ్చిన మనిషిని "మీకు కీళ్ళ నొప్పులున్నాయా" అని ఒక్క మాట అడగడానికి ఏమడ్డం? నాకు ఇప్పటికీ కోపమే.

నొప్పి లేదు కాబట్టి పరవాలేదనీ అనుకోవద్దు. చాలా ఏళ్ళ ఆర్‌ఏ ఉన్నవాళ్ళలో, అరుదుగానే, నొప్పీ ఎరుపూ లేకుండా తెల్లగుడ్డు పలచబడిపోయే రకం ఒకటుంది. లోపలి నల్లటి పొర నీలంగా కనపడుతుంది. అద్దంలో తెల్లగుడ్డు మీద నీలం మచ్చ కొత్తగా కనిపిస్తే ఆ రోజే చూపించాలి.

ఇవన్నీ చదివి కంగారు పడకండి. ఆర్‌ఏ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి వచ్చేది కళ్ళు పొడిబారడమే. మంట, ఇసుక పోసినట్టు ఉండటం, సాయంత్రానికి ఎక్కువవడం దాని లక్షణాలు. దానితో పాటు నోరు కూడా ఎండిపోతుంటే షోగ్రెన్ సిండ్రోమ్ ఉందేమో చూస్తారు. హెన్రిక్ షోగ్రెన్ స్వీడన్‌కి చెందిన కంటి డాక్టరు. 1933లో ఆయన రాసిన సిద్ధాంత గ్రంథంలోనే ఎండిపోయిన కళ్ళు, నోరు ఉన్న స్త్రీలలో చాలామందికి కీళ్ళ వాపులు కూడా ఉన్నాయని ఉంది. అంటే కంటికీ కీళ్ళకీ ఉన్న ఈ చుట్టరికం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. పరీక్ష కూడా చాలా తేలిక. కింది రెప్పకి సన్నని కాగితం పట్టీ తగిలించి 5 నిమిషాలు ఉంచుతారు. తడి 5 మిల్లీమీటర్లు కూడా దాటకపోతే కన్నీరు బాగా తక్కువని లెక్క.

ఇక్కడే మందుల షాపుల గురించి ఒక మాట. ఎర్ర కన్నుని తెల్లగా చేసే చుక్కలు అడిగిన వెంటనే ఇచ్చేస్తారు. అవి రంగుని దాచిపెడతాయి, కొన్నాళ్ళు వాడి ఆపితే ఎరుపు రెట్టింపై తిరిగొస్తుంది. స్టిరాయిడ్ కలిసిన చుక్కలైతే మరీ ప్రమాదం. హెర్పిస్ వైరస్ వల్ల నల్లగుడ్డు మీద పుండు పడి ఉంటే దాన్ని పెంచేస్తాయి, ఎక్కువకాలం వాడితే కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం వస్తుంది. డాక్టరు చూసి రాస్తే ఆ మందే కన్ను కాపాడుతుంది, ఎవరికో రాసిన సీసా తెచ్చి వేసుకుంటే అదే కన్ను తీస్తుంది. మీ అమ్మగారి మందుల పెట్టెలో అలాంటి సీసా ఉంటే తీసేయండి.

అమ్మగారు ఆర్‌ఏకి హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు వాడుతుంటే దాని భయం వేరు. ఆ మందు ఏళ్ళ తరబడి వాడితే రెటీనా (కంటి లోపలి తెర) దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి రోజు మోతాదు మనిషి అసలు బరువులో కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి కళ్ళు చూపించుకోవాలి, 5 ఏళ్ళు దాటాక ప్రతి ఏడాదీ ఓసీటీ (రెటీనా స్కాన్), విజువల్ ఫీల్డ్ (చూపు పరిధి) పరీక్షలు చేయించాలి. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఆ 5 ఏళ్ళు కూడా ఆగకూడదు. చాలామంది ఈ భయంతో మందే మానేస్తున్నారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. మంచి మందు అది. పరీక్ష చేయించుకుంటూ వాడాల్సిన మందు, అంతే.

ఇక థైరాయిడ్. నా కన్ను కుదుటపడ్డాక కూడా నీరసం వదల్లేదు. వేళ్ళ వాపు తగ్గింది, ఒంట్లో వాపుని చూపించే రక్త పరీక్షలు సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ మామూలుగా వచ్చాయి. అయినా కండరాలన్నీ నొప్పి, చేతులు తిమ్మిర్లు, పొద్దున్నే బిగుసుకుపోవడం, చర్మం పొడిబారడం, జుట్టు ఊడటం. చూసిన ప్రతి ఒక్కరూ ఆర్‌ఏలో నీరసం మామూలే అన్నారు. మామూలే అన్న మాట వినీ వినీ విసుగొచ్చి, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయిద్దామని నేనే పట్టుబట్టాను. బాగా ఎక్కువ వచ్చింది, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని. థైరాయిడ్ మీద పడే యాంటీబాడీల పరీక్ష యాంటీ టీపీఓ కూడా పాజిటివ్, అంటే హషిమోటో థైరాయిడైటిస్. 1912లో జపాన్ డాక్టరు హకారు హషిమోటో వర్ణించిన జబ్బు ఇదే. ఇక్కడ కూడా మన రోగనిరోధక కణాలే మన గ్రంథి మీద పడతాయి. ఆర్‌ఏ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఇది మిగతావాళ్ళ కంటే ఎక్కువగా కనిపిస్తుంది. పీటీపీఎన్22 అనే జన్యువులోని ఒకే మార్పు ఆర్‌ఏకీ, హషిమోటోకీ, గ్రేవ్స్ జబ్బుకీ (థైరాయిడ్ ఎక్కువయ్యే రకం), టైప్ 1 షుగర్‌కీ అవకాశం పెంచుతుంది. మీరడిగిన సంబంధం ఇదే.

వాపు లేదు, సీఆర్‌పీ నిలకడగా ఉంది, నొప్పులూ నీరసమూ మాత్రం పెరుగుతున్నాయి అంటే అది కీళ్ళ జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. అక్కడ ఆర్‌ఏ మందు పెంచే ముందు థైరాయిడ్ చూడాలి. ఆర్‌ఏ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి టీఎస్‌హెచ్ రాయాలని నా గట్టి అభిప్రాయం, ఎవరు కాదన్నా సరే. పైగా ఆర్‌ఏ వల్ల గుండెకి ఎలాగూ ముప్పు ఎక్కువ, థైరాయిడ్ తగ్గితే కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది.

మందు మొదలుపెట్టాక మాకు ఎవరూ చెప్పని సంగతులు రెండున్నాయి. లెవోథైరాక్సిన్ పరగడుపున నీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలని అందరికీ తెలుసు. కానీ స్టిరాయిడ్ వాడే ఆర్‌ఏ వాళ్ళకి కాల్షియం బిళ్ళ కూడా రాస్తారు, రక్తం తక్కువైతే ఐరన్ రాస్తారు. ఈ రెండూ థైరాయిడ్ మందుని ఒంటికి పట్టనివ్వవు, మధ్యలో కనీసం 4 గంటలు తేడా ఉండాలి. పొద్దున్నే మాత్రలన్నీ గుప్పెట్లో వేసుకుని మింగేసే అలవాటుంటే మాన్పించండి. రెండోది బయోటిన్ అనే విటమిన్. మెథోట్రెక్సేట్‌తో జుట్టు ఊడుతోందని చాలామంది వాడతారు. అది కొన్ని ల్యాబుల పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా చూపిస్తుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపించండి. మోతాదు మార్చినప్పుడు 6 నుంచి 8 వారాల తర్వాతే మళ్ళీ పరీక్ష, అంతకుముందు చేయిస్తే అంకె కుదురుకోదు.

మీ అమ్మగారిది థైరాయిడ్ తక్కువో ఎక్కువో మీరు రాయలేదు. ఎక్కువైతే, ముఖ్యంగా గ్రేవ్స్ జబ్బైతే, కన్ను ఎర్రబడడానికి అదే కారణం కావచ్చు. కనుగుడ్లు ముందుకి వచ్చినట్టు ఉండటం, పై రెప్ప పైకి లాగేసినట్టు ఉండటం, వస్తువులు రెండుగా కనిపించడం దాని గుర్తులు. ఈ థైరాయిడ్ కంటి జబ్బు హషిమోటో ఉన్నవాళ్ళలో కూడా అప్పుడప్పుడు వస్తుంది. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే ఆవిడకి దూరంగా ఉండమనండి. పొగ తాగేవాళ్ళలో థైరాయిడ్ కంటి జబ్బు ముదురుతుంది, ఆర్‌ఏ వచ్చే అవకాశమూ పెరుగుతుంది.

ఈ వారంలోనే కంటి స్పెషలిస్టుకి చూపించండి. వెళ్ళగానే "ఆర్‌ఏ ఉంది, థైరాయిడ్ ఉంది" అని మీరే ముందు చెప్పండి, వాడుతున్న మందుల చీటీ వాళ్ళ చేతిలో పెట్టండి, ఆ డాక్టరు రాసిన కాగితం ఫొటో తీసి రుమటాలజిస్టుకి పంపండి. ఒక డాక్టరు చూసింది ఇంకో డాక్టరుకి చేరవేసే పని ఇంటివాళ్ళ మీదే పడుతోంది, ఇది చాలా అన్యాయం, కానీ ప్రస్తుతానికి మీరే చేయాలి. ఈలోగా నొప్పి రాత్రి నిద్రలేపినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.