మూత్రం డికాషన్‌లా వస్తుంటే మోకాలి సంగతి తర్వాత

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఎనిమిది మందిమి హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి సైకిళ్ల మీద బయలుదేరాం. ఇదివరకు ఆదివారాలు 30 కిలోమీటర్లు తొక్కేవాణ్ని, ఇప్పుడు రోజుకు 90 దాకా. నాలుగో రోజు అనంతపురం చేరాం. కుడి మోకాలి చిప్ప ముందు నొప్పి, సీటు దగ్గర ఒరుపు, చిటికెన వేళ్లకు తిమ్మిరి. గ్రూపులో ఇచ్చిన నొప్పి మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటే తొక్కగలుగుతున్నాను. బీపీకి టెల్మిసార్టాన్ కాంబినేషన్ వాడతాను. నిన్నటి నుంచి మూత్రం కాస్త ముదురుగా వస్తోంది, నీళ్లు తక్కువై ఉంటాయి. మోకాలికి ఏ ఆయింట్‌మెంట్ మంచిది? జెల్ సీటు కవరు వేయించుకోనా?

జవాబు: ముందు రేపు సైకిల్ ఎక్కకండి. ముదురంటే ఎంత ముదురు? చిక్కటి పసుపైతే నీళ్లు చాలకపోవడం కావచ్చు, తాగితే రెండు మూడు సార్లకు తేటపడుతుంది. పాలు కలపని డికాషన్‌లా ఉంటే మాత్రం అనుమానించాలి. అలవాటు లేని శ్రమకు కండరాలు దెబ్బతిని, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీలకు చేరుతుంది. రాబ్డోమయోలైసిస్ అంటాం. తొడలు రాయిలా బిగుసుకున్నా, మెట్లెక్కలేకపోయినా, మూత్రం తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. మిమ్మల్ని చూడలేదు కాబట్టి అదేనని అనడం లేదు. యూరిన్ రొటీన్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం లాంటి లవణాలు), సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయో చెప్పే పరీక్ష) చేయించి దగ్గర్లోని ఫిజీషియన్‌కు చూపించండి.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ మాత్ర. పేరు కూడా రాయలేదు మీరు. బహుశా డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తనలోకి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచుకుంటుంది, ఈ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. మీ కాంబినేషన్‌లో రెండోది హైడ్రోక్లోరోథయజైడో క్లోర్‌థాలిడోనో అయితే అది ఉన్న నీళ్లను కూడా పంపించేస్తుంది. ఈ మూడింటికీ తోడు గుత్తి రోడ్డు మీద ఎండ.

శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లొచ్చిన ఒకాయన దారి పొడుగునా ఇవే మింగి నా దగ్గరకొచ్చాడు. క్రియాటినిన్ 4.1, అంటే చాలా ఎక్కువ. రెండుసార్లు డయాలసిస్ చేయాల్సొచ్చింది. ఆయనా 'నీళ్లు తక్కువై ఉంటాయి' అనుకునే నాలుగు రోజులు ఆగాడు. పక్కవాళ్ల డబ్బాలోంచి పేరు తెలియని మాత్ర తీసి వేసుకోవడమేంటండీ! మిగతా ఏడుగురిలో ఇంకెవరు మింగుతున్నారో కూడా అడగండి.

నొప్పి మాత్ర ఇప్పుడే ఆపండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. రాసిచ్చిన డాక్టరుకు ఈ రాత్రే ఫోన్ చేసి నొప్పి మాత్ర గురించి, మూత్రం గురించి రెండూ చెప్పండి, కొన్నాళ్లు ఆపమనవచ్చు. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతుంటే అదీ దాచొద్దు.

అలాగని భయపడి ఉట్టి నీళ్లు లీటర్లకు లీటర్లు పట్టించకండి, సోడియం పడిపోతుంది. మూత్రం మామూలు మోతాదులో వస్తుంటే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగండి. డబ్బాల్లో దొరికే తీపి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు, ఆ పేరు వాటికి పెట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా. కొబ్బరి బొండాలు రిపోర్టు వచ్చేదాకా వద్దు, పొటాషియం ఎక్కువ.

ఇక మోకాలు. చిప్ప ముందు నొప్పికి చాలాసార్లు సీటు కిందికి ఉండటమే కారణం. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాచగలగాలి. బరువు గేర్లు మానండి. వేళ్ల తిమ్మిరి అరచేతి అంచు హ్యాండిల్ మీద ఆనించడం వల్ల కావచ్చు, అక్కడ నరం నలుగుతుంది, పట్టు మారుస్తూ ఉండండి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల డ్రాయర్ వేసుకోకండి, దిగగానే కడిగి ఆరనివ్వండి. చీము పడితే చూపించాలి. జెల్ కవరు జారుతూ ఇంకా ఒరిపిస్తుంది, వద్దు. ఆయింట్‌మెంట్ అంటారా, షాపులో మీకిచ్చే జెల్‌లో చాలావరకు ఉండేది ఆ డైక్లోఫెనాకే. రిపోర్టు వచ్చేదాకా అదీ రాయకండి.