తీసుకోని అప్పు సిబిల్‌లో కనిపిస్తే

ప్రశ్న: ఇంటి లోన్‌కు దరఖాస్తు చేస్తే బ్యాంకు తిరస్కరించింది. నా పాన్ మీద ఒక లోన్ యాప్‌లో రూ.18,000 అప్పు ఉందని, మూడు నెలలుగా కిస్తీలు కట్టలేదని సిబిల్ రిపోర్టులో ఉంది. నేనెప్పుడూ ఆ యాప్ వాడలేదు. చిన్న మొత్తమే కదా, కట్టేసి వదిలించుకోమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: కట్టకండి. కడితే ఆ అప్పు మీదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. కట్టినా కిస్తీలు తప్పిన చరిత్ర రిపోర్టులోంచి పోదు. వాళ్లు కొంత తగ్గించి కట్టించుకుంటే ‘సెటిల్డ్’ అని పడుతుంది, అది మరీ చెడ్డది.

ముందు సిబిల్‌లాగే అప్పుల చరిత్ర నమోదు చేసే మిగతా మూడు బ్యూరోలు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ రిపోర్టులు కూడా తీయండి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాటిలో ఎంక్వైరీల పట్టిక ఓపిగ్గా చూడండి. మీ పేరుతో ఇంకెక్కడెక్కడ అప్పు అడిగారో అక్కడే బయటపడుతుంది.

తర్వాత ఆ యాప్ ద్వారా అప్పిచ్చిన ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని రుణ సంస్థ)లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి ఈమెయిల్ రాయండి. కస్టమర్ కేర్‌తో ఫోన్‌లో వాదిస్తే చేతిలో ఆధారం మిగలదు. దరఖాస్తు తేదీ, కేవైసీ పత్రాలు, సెల్ఫీ, ఓటీపీ వెళ్లిన మొబైల్ నంబరు, డబ్బు జమ చేసిన ఖాతా నంబరు, ఆ బదిలీ గుర్తింపు సంఖ్య (యూటీఆర్ నంబరు) అడగండి. కీలకం ఆ ఖాతాయే. ఆర్‌బీఐ డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం సొమ్ము నేరుగా రుణగ్రహీత బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. అది వేరొకరి ఖాతా అయితే తప్పు ఎన్‌బీఎఫ్‌సీ మెడకే చుట్టుకుంటుంది. మీ పేరునే ఉండి మీకు తెలియని ఖాతా అయితే వ్యవహారం ఇంకా ముదిరినట్టు. దాన్ని మోసాల సొమ్ము మళ్లించడానికీ వాడి ఉండొచ్చు. ఆ బ్యాంకుకు వెంటనే రాసి ఖాతా స్తంభింపజేయించండి.

ఎన్‌బీఎఫ్‌సీ జవాబు కోసం ఎదురుచూడకుండా జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ముఖ్యంగా ఖాతాలోంచి డబ్బు అప్పుడే పోయినప్పుడు అక్కరకొస్తుంది. మీ విషయంలో పోర్టల్ చాలు. ఐటీ చట్టం 66సీ (గుర్తింపు చోరీ), 66డీ (మరొకరిలా నటించి మోసం) సెక్షన్లు ప్రస్తావించండి. స్టేషన్‌కు వెళ్తే ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి లేదు, ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. ఫిర్యాదు రసీదు కాపీ ఎన్‌బీఎఫ్‌సీకీ పంపండి, రిపోర్టులో తప్పు దిద్దమని నాలుగు బ్యూరోలకూ పెట్టే అభ్యర్థనలకూ (డిస్ప్యూట్లు) జతచేయండి.

చాలామంది బ్యూరోకి మాత్రమే రాసి ఊరుకుంటారు. బ్యూరో సొంతంగా ఏదీ దిద్దదు, అప్పిచ్చిన సంస్థను అడుగుతుంది. ఆ సంస్థ ‘సరిగానే ఉంది’ అంటే డిస్ప్యూట్ మూసేస్తుంది. అందుకే రెండుచోట్లా ఒకేరోజు రాయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం రావాలి. గడువు దాటినా, జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

ఈలోగా టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, మీవి కానివి ఆపించండి. ఆధార్ అధికారిక యాప్‌లో గత ఆరు నెలల అథెంటికేషన్ చరిత్ర (మీ ఆధార్‌తో ఎక్కడెక్కడ ధ్రువీకరణ జరిగిందో) చూడండి, బయోమెట్రిక్ లాక్ చేయండి. స్థలం రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను కాపీ చేసి మోసాలు చేసిన ఉదంతాలు మన రాష్ట్రాల్లోనే ఉన్నాయి. అయితే ఈ లాక్ వేలిముద్ర, ఐరిస్, ముఖం వరకే. ఓటీపీతో జరిగే ధ్రువీకరణను అది ఆపదు. దానికి ఆధార్ నంబరునే లాక్ చేసి, దానికి బదులుగా ఇచ్చే వర్చువల్ ఐడీ వాడుకోవాలి. లాడ్జీలకు, అద్దె ఇళ్లకు చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

వసూలు ఏజెంట్లు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు చెప్పి, ఏదైనా ఈమెయిల్‌లోనే రాయమనండి. ‘ఒక్క రూపాయి కట్టి వెరిఫై చేసుకోండి’ అనే లింకులు తెరవొద్దు. ఇంటి లోన్ కోసం ఇప్పుడే మరో నాలుగు బ్యాంకులు తిరగకండి. ప్రతి దరఖాస్తూ ఎంక్వైరీగా నమోదై స్కోరు ఇంకా తగ్గొచ్చు. ఆ అప్పు మీది కాదని ఎన్‌బీఎఫ్‌సీ నుంచి లేఖ తీసుకుని, నాలుగు రిపోర్టుల్లోనూ అది తొలగిందని చూసుకున్నాకే మళ్లీ దరఖాస్తు చేయండి.