పింఛనుకి లాయరా, పరిహారానికి లాయరా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ మీద ఉన్నాయి. దివ్యాంగులకు రావలసిన డబ్బు, దాని కోసం లాయరు, ఆ లాయరు అడిగిన ఫీజు. ఆస్తి తగాదాల ఉత్తరాలు వచ్చే సంచికకి పక్కన పెట్టి ముందు ఇవి చూద్దాం.

ప్రశ్న: మేడం గారూ, మాది గజపతినగరం దగ్గర పల్లె. మా అన్నయ్య తాటిచెట్టు మీంచి పడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గానీ కుంటుతూనే నడుస్తాడు. ఆరువేల పింఛను వచ్చేది. మళ్ళీ పరీక్షకి పిలిచి, వైకల్యం 40 శాతం కన్నా తక్కువ ఉందని నోటీసు ఇచ్చారు. విజయనగరం కోర్టు దగ్గర ఒకాయన పాతికవేలు ఇస్తే లాయరు చేత కేసు వేయించి శాతం పెంచిస్తానంటున్నాడు. అప్పు చేసైనా ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వొద్దమ్మా. శాతాన్ని ఏ లాయరూ పెంచలేడు, జడ్జిగారు కూడా కొలిచి పెంచరు. అది రాసేది డాక్టర్లు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2024లో వాటిని సవరించింది కూడా. వాటి ప్రకారం కీలు ఎంతవరకు కదులుతోంది, కండరంలో బలం ఎంత ఉంది, మనిషి నిలకడగా నిలబడి నడవగలడా అని చూసి లెక్క కడతారు. ఇల్లు ఎలా గడుస్తోంది, మళ్ళీ చెట్టెక్కగలడా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు. అన్యాయంగా అనిపిస్తే అనిపించవచ్చు, నాకూ అలాగే అనిపిస్తుంది, కానీ తేలేది అక్కడే కాబట్టి మన ఓపికా డబ్బూ అక్కడే పెట్టాలి.

ముందు ఆ నోటీసు తీసి గడువు ఎంత రాశారో చూడండి. ఆ లోపల ఎంపీడీఓ ఆఫీసులో అప్పీలు పెట్టించండి, పెట్టినట్టు రసీదు అడిగి మరీ తీసుకోండి. అప్పీలు పెడితే మళ్ళీ పరీక్షకి పిలుస్తారు. ఆ పరీక్షకి అన్నయ్యని ఖాళీ చేతులతో పంపకండి. ఆపరేషన్ అయినప్పటి డిశ్చార్జి సమ్మరీ, అప్పటి ఎక్స్‌రే, ఈ మధ్య తీయించిన ఎక్స్‌రే, ఎముకల డాక్టరు తుంటి కదలిక ఎంత తగ్గిందో రాసిచ్చిన కాగితం, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి పంపండి. చాలామంది వైకల్యం శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్, అదీ పాతది, ఒక్కటే పట్టుకెళ్ళి "అప్పుడు ఇంత రాశారు కదండీ" అంటారు. దాంతో పని జరగదు, ఇప్పుడు శరీరం ఎలా ఉందన్నదే వాళ్ళు చూస్తారు. ఈ రెండోసారి ఏ లెక్కన తగ్గించారో తెలియాలంటే సమాచార హక్కు చట్టం కింద పరీక్ష కాగితం నకలు అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పదిహేను వేల పింఛను ఆరువేలకి దించారని రాసిన ఇద్దరికి కూడా ఇదే జవాబు.

మరి లాయరు ఎప్పుడు కావాలి? నోటీసే ఇవ్వకుండా పింఛను ఆపేసినా, అప్పీలు తీసుకోం పొమ్మన్నా, తీసుకుని నెలల తరబడి తేల్చకుండా మూల పడేసినా అప్పుడు హైకోర్టులో రిట్, అంటే అధికారులు చేసినదాని మీద పిటిషన్, వేయాలి, దానికి లాయరు ఉండి తీరాలి. అక్కడ కూడా కోర్టు చూసేది పద్ధతి పాటించారా లేదా అన్నదే; పాటించకపోతే మళ్ళీ పరీక్షించమంటుంది, అంతేగానీ 38ని కొట్టేసి 45 అని రాయదు. అమరావతి దాకా వెళ్ళే ముందు సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, ఆ అర్జీ నంబరు తరవాత కోర్టులోనూ పనికొస్తుంది.

ఇక ఆ కోర్టు దగ్గర ఒకాయన సంగతి. ఆయన లాయరు అయితే "లాయరు చేత వేయిస్తా" అనడు. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడిగి చూడండి, మాట మారుస్తాడు. ఇలాంటివాళ్ళు డబ్బు తీసుకుని మాయమైతే పాతికవేలతో పోతుంది. నిజంగానే ఎక్కడో దొంగ సర్టిఫికెట్ పుట్టించి తెచ్చాడనుకోండి, అది ఇంకా ప్రమాదం. దివ్యాంగులకి ఉద్దేశించిన లాభాన్ని మోసం చేసి పొందితే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని అదే 2016 చట్టంలో 91వ సెక్షన్ ఉంది. కాగితం మీద పేరు మీ అన్నయ్యది ఉంటుంది, బ్రోకర్‌ది ఉండదు.

ప్రశ్న: నరసన్నపేట నుంచి రాస్తున్నానండి. మా ఆయన తాపీ మేస్త్రీ. నాలుగు నెలల కిందట అనకాపల్లి దగ్గర హైవే మీద లారీ గుద్దేసి కుడి మోచెయ్యి నుజ్జయింది. ఇప్పుడు తాపీ పట్టుకోలేడు. సర్టిఫికెట్లో 45 శాతం రాశారు. ఒక లాయరు గారు ఇప్పుడు పైసా వద్దు, వచ్చినదాంట్లో 30 శాతం ఇవ్వండి చాలు అన్నారు, ఖాళీ కాగితాల మీద సంతకాలు కూడా అడిగారు. 45 శాతానికే పరిహారం వస్తుందంటున్నారు, నిజమేనా? కేసుకి అనకాపల్లి తిరగాలా?

జవాబు: మీకు లాయరు కావాలి, ఆలస్యం లేకుండా కావాలి. పింఛను వేరు, ఇది వేరు. ఇక్కడ అవతల ఇన్సూరెన్స్ కంపెనీ, దాని తరఫున ఇదే పని చేసే లాయరు ఉంటారు. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల పిటిషన్ వేయాలని మోటారు వాహనాల చట్టానికి తెచ్చిన సవరణ 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, మీకు నాలుగు నెలలు ఇప్పటికే అయిపోయాయి. అనకాపల్లి తిరగక్కర్లేదు, మీరు కాపురం ఉంటున్న చోటి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో (ఈ పరిహారం తేల్చే కోర్టు) వేసుకోవచ్చు, అంటే శ్రీకాకుళం జిల్లాలోనే.

45 శాతానికే వస్తుందన్న మాట తప్పు. ఈ ఉత్తరాలన్నింటిలో నన్ను బాగా ఆపింది ఇదే, ఎందుకంటే ఈ ఒక్క పాయింటు మీద లక్షల తేడా వస్తుంది. సర్టిఫికెట్లో ఉన్నది శరీరానికి జరిగిన నష్టం, కోర్టు తేల్చాల్సింది సంపాదనకి జరిగిన నష్టం. 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాని విడమరిచి చెప్పింది. ఒక చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు పోతుంది, అదే చెయ్యి పోయిన గవర్నమెంటు గుమస్తాకి ఉద్యోగం ఉండిపోవచ్చు. కుడి చేత్తో తాపీ పట్టలేని మేస్త్రీకి సంపాదన నష్టం 45 దగ్గర ఆగదని మీ లాయరు వాదించాలి. వాదిస్తే చాలదు, రుజువు చేయాలి. వట్టి సర్టిఫికెట్ దాఖలు చేస్తే సరిపోదని కూడా అదే తీర్పులో ఉంది. వైద్యం చేసిన డాక్టరో, పరీక్షించి శాతం రాసిన డాక్టరో వచ్చి సాక్ష్యం చెప్పాలి. కాబట్టి ఏ లాయరునైనా కలిసినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: "డాక్టరు గారిని సాక్షిగా పిలిపిస్తారా?" అక్కడ నీళ్ళు నమిలితే ఇంకొకరిని చూసుకోండి. మేస్త్రీకి జీతం చీటీలు ఉండవు కాబట్టి భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే అది, పని ఇప్పించిన కాంట్రాక్టరు సాక్ష్యం ముందే సిద్ధం చేసుకోండి.

ఫీజు విషయం రాస్తే తోటి లాయర్లు కొందరికి నా మీద కోపం రావచ్చు, రానివ్వండి. గెలిస్తేనే ఫీజు, వచ్చిన డబ్బులో ఇంత వాటా అని మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో స్పష్టంగా ఉంది. అయినా అలా అడిగేవాళ్ళు ఉన్నారు, చేతిలో డబ్బు లేనివాళ్ళకి అదే తేలిక అనిపిస్తుంది కూడా. కానీ పది లక్షలు వస్తే అందులో మూడు లక్షలు అంటే ఆ మనిషి జీవితాంతం చెయ్యి లేకుండా బతకాల్సిన డబ్బు. మొత్తం ఫీజు ఇంత అని ఒక అంకె ఖాయం చేసుకుని విడతల్లో ఇవ్వండి, డాక్టరు రాకపోకల ఖర్చు ఎవరిదో కూడా అదే కాగితం మీద రాయించండి. ఖాళీ కాగితాల మీద సంతకం ఎవరికీ, ఎంత దగ్గరివాళ్ళు చెప్పినా, పెట్టొద్దు. వకాలత్ (మీ తరఫున వాదించమని లాయరుకి ఇచ్చే కాగితం) మీద పెడితే చదివించుకుని పెట్టండి. పరిహారం మీ ఆయన బ్యాంకు ఖాతాలోకే రావాలి, పాస్‌బుక్ మీ ఇంట్లోనే ఉండాలి.

ఇంతకీ మీకు అసలు ఫీజే అక్కర్లేదేమో. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయర్ని ఇస్తారు, ఆడవాళ్ళకీ అంతే. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ ఆఫీసు ఉంది, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఉచితంగా వచ్చే లాయరు సరిగ్గా పట్టించుకోరని భయపడతారు చాలామంది. ప్యానెల్‌లో ఉన్నవాళ్ళు అదే కోర్టులో రోజూ వాదించే లాయర్లే, వాయిదాలకి రాకపోతే మార్చమని సంస్థకి అర్జీ పెట్టుకోవచ్చు, డబ్బిచ్చి పెట్టుకున్న లాయర్ని మార్చడం కన్నా ఇదే సులువు. ఒక్క హెచ్చరిక: లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే వెళ్ళండి, కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. అంకె నచ్చకపోతే నచ్చలేదని అక్కడే చెప్పి కేసు నడిపించుకోండి.

ప్రశ్న: పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. మిషన్లో రెండు వేళ్ళు పోయాయి. జీతంలో ఈఎస్ఐ కోస్తారు. కాంట్రాక్టరు యాభైవేలు ఇస్తా, పని చోట జరగలేదని సంతకం పెట్టమంటున్నాడు. లాయర్ని పెట్టుకోనా?

జవాబు: ముందు సంతకం పెట్టకు తమ్ముడూ. ఆ ఒక్క సంతకంతో నీకు రావలసినదంతా పోతుంది. ఈఎస్ఐ ఉంది కాబట్టి గాయం మానేదాకా జీతంలో 90 శాతం లెక్కన వస్తుంది. తరవాత మెడికల్ బోర్డు సంపాదన శక్తి ఎంత తగ్గిందో తేల్చి, ఆ మేరకు జీవితాంతం డబ్బు ఇప్పిస్తుంది. ప్రమాదం రిపోర్టు యాజమాన్యం ఈఎస్ఐకి పంపాలి. పంపకపోతే నువ్వే బ్రాంచి ఆఫీసుకి రాతపూర్వకంగా తెలియజెయ్యి, పక్కన పనిచేసినవాళ్ళ పేర్లు, ఆ షిఫ్టు వేళ రాసిపెట్టుకో. బోర్డు తక్కువ రాస్తే అప్పీలుకి వెళ్ళేటప్పుడు లాయరు సంగతి ఆలోచిద్దాం, ఇప్పుడైతే అక్కర్లేదు.

ప్రశ్న: బొబ్బిలి నుంచి. అమెరికాలో ఉన్న మా చెల్లెలి మరిదికి పక్షవాతం వచ్చింది. అక్కడ డిసెబిలిటీ డబ్బు కోసం లాయరు గెలిస్తేనే 25 శాతం తీసుకుంటాడట. ఇక్కడ తప్పన్నది అక్కడ ఎలా ఒప్పయిందండీ?

జవాబు: అక్కడ చట్టమే అలా రాసింది. సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ కేసుల్లో లాయరు ఫీజుని ఆ శాఖే ఆమోదించాలి. మామూలుగా పాత బకాయిల్లో 25 శాతం, అదీ ఒక హద్దు దాటకుండా. ఆ హద్దుని 2024 నవంబరు చివర 9,200 డాలర్లకి పెంచారు. ముందు ముందు నెలనెలా వచ్చే డబ్బులో లాయరుకి వాటా లేదు, బకాయిలోంచి ఫీజు పట్టుకుని నేరుగా లాయరుకి పంపేది కూడా ఆ శాఖే. అంటే వాటాకి తాళం వేసి, తాళంచెవి ప్రభుత్వం దగ్గర పెట్టుకున్నారు. ఇక్కడ 30 శాతం అడిగేవాళ్ళకి ఆ హద్దూ లేదు, అడిగే నాథుడూ లేడు. మీ వాళ్ళకి చెప్పండి, మొదటి దరఖాస్తు తిరగ్గొడితే 60 రోజుల్లో మళ్ళీ అడగాలి, ఆ గడువు పోనివ్వకూడదు.

ప్రశ్న: మాది పలాస. మా పాపకి ఇరవై ఏళ్ళు, మానసిక ఎదుగుదల లేదు. వాళ్ళ తాతగారు పాప పేర రాసిన స్థలం ఉంది. పాప తరఫున సంతకం చెయ్యాలంటే కోర్టులో గార్డియన్ కేసు వేయాలని, నలభైవేలు అవుతుందని ఒక లాయరు అన్నారు. నేను కన్నతల్లినే కదా, మళ్ళీ కేసెందుకు?

జవాబు: పద్దెనిమిది నిండాక కన్నవాళ్ళం కదా అంటే చట్టం దగ్గర చెల్లదమ్మా, గార్డియన్‌గా నియామకం కావాలి. కానీ దానికి సివిల్ కోర్టుకే వెళ్ళాలని లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాకీ లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, దానికి పెద్ద కలెక్టరు గారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లేకపోవడం, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ నాలుగింటికి ఆ కమిటీయే గార్డియన్‌ని నియమిస్తుంది. మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం ఈ దారి పనికిరాదు. శ్రీకాకుళం కలెక్టరేట్లో దివ్యాంగుల సంక్షేమ శాఖ వాళ్ళని అడిగితే ఫారం ఇస్తారు. పాప వైకల్యం సర్టిఫికెట్, వయసు కాగితం, ఆధార్, మీ ఇద్దరి ఆధార్, స్థలం దస్తావేజు నకలు పట్టుకెళ్ళండి. పాప తండ్రిగారు ఒప్పుకున్నట్టు రాసివ్వడం మంచిది.

గార్డియన్ అయ్యాక పని అయిపోదు. ఆరు నెలల లోపల పాప పేర ఉన్న ఆస్తి జాబితా కమిటీకి ఇవ్వాలి, ఆ తరవాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు చూపించాలి. స్థలం అమ్మే ఆలోచన ఉంటే మాత్రం బేరం కుదుర్చుకోక ముందే నాకు మళ్ళీ రాయండి, దానికి లాయరు సలహా తీసుకోవాల్సిందే.