కోటింగ్ సంగతి తర్వాత, ముందు విరేచనాల సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. న్యుమోనియాతో పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. ఆయన మంచం పట్టీలకు, తలుపు గడియలకు, బాత్రూమ్ కుళాయిలకు సిల్వర్ అయాన్ కోటింగ్ వేయించాలనుకుంటున్నాం. 99.9 శాతం బ్యాక్టీరియా చస్తుందంటున్నారు, నమ్మొచ్చా? మూడు రోజులుగా ఆయనకు నీళ్ల విరేచనాలు, రోజుకు ఆరేడు సార్లు. మెడికల్ షాపులో అడిగి మోషన్స్ ఆగే మాత్ర వేస్తున్నాం.

జవాబు: నన్ను టెన్షన్ పెట్టింది మీరు మాటవరసకన్నట్టు చివర్లో రాసిన విరేచనాల సంగతి. పెద్ద వయసు, ఆసుపత్రి, న్యుమోనియాకు ఎలాగూ ఇచ్చి ఉండే యాంటీబయాటిక్స్. ఈ మూడూ ఉన్నచోట ముందు అనుమానించాల్సింది క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ (పాత పేరు క్లాస్ట్రిడియం డిఫిసైల్) అనే బ్యాక్టీరియాను. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా మందులకు తుడిచిపెట్టుకుపోతే ఇది పెరిగి విషం వదులుతుంది. చూడకుండా ఇదేనని చెప్పలేను, మలపరీక్షలో తేలాలి.

ఆ మాత్ర ఎవరు వేయమన్నారండీ? అది లోపెరమైడ్ లాంటిదైతే పేగు కదలికను తగ్గిస్తుంది, విషం లోపలే నిలిచిపోవచ్చు. మోషన్స్ ఆగాయని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, అక్కడ పొట్ట ఉబ్బిపోతుంటుంది. డాక్టర్ చూసేవరకు వేయకండి. యాంటీబయాటిక్ ఇంకా వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి, ఇవాళే అడగండి.

ఇక కోటింగ్. ఆ 99.9 అబద్ధం కాకపోవచ్చు. కానీ మామూలుగా ఆ పరీక్ష ఎలా చేస్తారంటే, బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని పూతపై పోసి, పైన పల్చటి ఫిల్మ్ కప్పి, 35 డిగ్రీల వేడిలో, తేమలో 24 గంటలు ఉంచుతారు. మీ తలుపు గడియ పొడిగా ఉంటుంది, నిమిషానికో చేయి పడుతుంది. పైన జిడ్డు పేరుకుంటే వెండి క్రిమిని తాకనే తాకదు. పైగా నేను అనుమానిస్తున్న క్రిమి స్పోర్ రూపంలో, గట్టి పెంకులో విత్తనంలా, నెలల తరబడి బతుకుతుంది. దాన్ని చంపడానికి ఈ పూతను నమ్ముకోలేం, ఆల్కహాల్ శానిటైజర్ కూడా చాలదు. సబ్బుతో నీళ్ల కింద చేతులు రుద్ది కడగండి. టాయిలెట్, ఫ్లష్ మీట, కుళాయి ముందు సబ్బునీళ్లతో తుడిచి, తర్వాత బ్లీచ్ వాడండి, లేబుల్‌పై చెప్పినంత సేపు తడిగా ఉంచండి. యాసిడ్ క్లీనర్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. మరక పట్టని నున్నటి పూతలైతే తుడవడం సులువు చేస్తాయి, అంతే. తుడిచే పని తప్పదు.

ఈలోగా గుండె, కిడ్నీ జబ్బులేవీ లేకపోతే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పట్టించండి. జ్వరం, మలంలో రక్తం, పొట్ట ఉబ్బరం, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. డిశ్చార్జ్ కాగితాలతోపాటు ఆ మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి.